లాంచికి ఎనిమిది తాళ్లు

అల్లుణ్ని తిట్టకూడదన్న నియమం ఎవరు పెట్టారో గానీ, ఆ పెద్దమనిషికి పడవ పని తెలియదు. పడవ మీద మెత్తగా మాట్లాడితే పని నడవదు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఏటిమొగలో ప్రయాణికుల లాంచికి సరంగుగా చేశాను. చక్రం నా చేతిలో ఉండేది, లాంచి ఎక్కిన ప్రతి ప్రాణమూ నా పూచీగా ఉండేది. ముడులు వేయడంలో నాకో పేరుంది. ముడుల సరంగు అంటే ఈ రేవులో ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. నా నోటికి జడిసి పని నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఇంజిను దగ్గర పనిచేసే మనిషొకడు మరీ బాగా నేర్చుకున్నాడు. ఎంత బాగా అంటే, చేసుకుంటే అతన్నే చేసుకుంటానని మా అమ్మాయి పట్టుబట్టింది.

పెళ్లి ముందు రోజు దాకా అతన్ని "ఒరేయ్" అనేవాణ్ని. పెళ్లయిన మర్నాటి నుంచి "మీరు" అనాల్సి వచ్చింది. ఆ దెబ్బతో నా నోరు పడిపోయింది. నేను రిటైరయ్యాక చక్రం అతని చేతికే వచ్చింది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. "భోంచేశారా బాబూ?" అని నేనంటే "చేశాను మావయ్యగారూ" అని అతనంటాడు. అక్కడితో మా సంభాషణ సమాప్తం. లాంచి సంగతి ఇంట్లో ఎత్తకూడదని మా అమ్మాయి నా దగ్గర మాట తీసుకుంది. నాన్న ఎత్తాడంటే తిట్టకుండా దించడని దానికి తెలుసు.

ఆ శుక్రవారం రేవు ఆఫీసు మీద తుఫాను జెండా ఎక్కింది. ఆదివారం సాయంత్రానికి తీరం తాకుతుందన్నారు. అవతలి ఒడ్డున నాలుగు వందల ఇళ్లున్నాయి. వంతెన లేదు. వాళ్లు ఆస్పత్రికి రావాలన్నా, పిల్లలు బడికి రావాలన్నా మా లాంచి ఒక్కటే దిక్కు. అది మునిగితే ఇంకోటి రావడానికి ఏడాది పడుతుంది. పైగా సరంగు తన చేత్తో కట్టిన లాంచి ఆ చోటే మునిగిందంటే విచారణ వేస్తారు, మళ్లీ అతని చేతికి చక్రం ఇవ్వరు. మా అమ్మాయి సంసారమంతా ఆ చక్రం మీదే నడుస్తోంది.

అల్లుడు శనివారమంతా ఆ పని మీదే ఉన్నాడు. లాంచిని రేవులోంచి తీసి, మైలు దూరం లోపలికి, కాలువలోకి తీసుకెళ్లి నడిమధ్యన నిలిపాడు. పైన టార్పాలిను విప్పేశాడు. బెంచీలు, గాలి ట్యూబులు, దీపాలు అన్నీ దింపించి గోదాములో పెట్టించాడు. గాలి పట్టుకుని లాగడానికి పైన ఏదీ మిగలకూడదు. అడుగున నీళ్లు తోడే పంపుకి కొత్త బ్యాటరీ పెట్టాడు. ముందు రెండు లంగర్లు వేశాడు. రెండు ఒడ్డుల రాతి గుంజలకీ నాలుగేసి చొప్పున ఎనిమిది తాళ్లు కట్టాడు. తాళ్లు అంచుకి ఒరుసుకుని తెగిపోకుండా పాత ఫైరింజను గొట్టం ముక్కలు కోసి తొడిగాడు. ఇవన్నీ మా అమ్మాయి ద్వారా తెలిశాయి. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు తోచింది. అయినా ఆ పూట అన్నం సయించలేదు. నా లాంచి తుఫానులో ఉండబోతోంది, నేను దాని మొహమైనా చూడలేదు.

ఆదివారం పొద్దున అల్లుడు చిన్న పడవల వాళ్లకి సాయం చేయడానికి రేవుకి వెళ్లాడు. నేను కొవ్వొత్తులు కొనుక్కొస్తానని చెప్పి తిన్నగా కాలువ దారి పట్టాను. అక్కడ చూసేసరికి ఒళ్లు మండిపోయింది. ఎనిమిది తాళ్లూ బట్టలారేసే తాడులా వేలాడుతున్నాయి. రెండైతే మధ్యలో నీళ్లలోకి దిగిపోయాయి. ఇన్నేళ్లు నా దగ్గర నేర్చుకున్నది ఇదా అనుకున్నాను. వెళ్లి అతనికి చెప్పొచ్చు. చెప్తే చెప్పడంతో ఆగను, తిడతాను. తిడితే ఇంట్లో మా అమ్మాయి మూతి వారం రోజులు ముడుచుకుని ఉంటుంది. దానికంటే నా రెండు చేతులతో నేనే సరిచేసి వస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా అనిపించింది.

ఒక సరంగు కట్టిన తాడుని అతనికి చెప్పకుండా ఇంకొకడు ముట్టుకోకూడదు. ఈ మాట నేనే వందసార్లు అందరికీ చెప్పి ఉంటాను. ఆ పూట మాత్రం నాకు నేను మినహాయింపు ఇచ్చుకున్నాను. అక్కడున్న చిన్న దోనె వేసుకుని లాంచి ఎక్కి, రెండు గంటలు చెమటోడ్చి ఎనిమిది తాళ్లూ బిగించాను. వేలితో మీటితే మోగేలా బిగించాను. కొన మిగలకుండా చుట్టి, నా ముడులు వేసి, ఒడ్డుకొచ్చి ఓసారి చూసుకున్నాను. ముచ్చటేసింది. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

కొవ్వొత్తులేవని అమ్మాయి అడిగితే దుకాణం మూసేశారన్నాను. అదే దుకాణం నుంచి ఎదురింటావిడ కొవ్వొత్తుల కట్టతో అప్పుడే గుమ్మం ముందు నుంచి వెళ్లింది. అమ్మాయి ఆవిణ్నీ చూసింది, నన్నూ చూసింది.

మధ్యాహ్నం రెండు గంటలకి ఆకాశం మసకబారింది. అల్లుడు ఇంటికొచ్చి, స్టూలెక్కి కిటికీలకి చెక్కలు కొడుతున్నాడు. అమ్మాయి బియ్యం డబ్బా ఎత్తలేక ఎత్తుతూ అటక మీద పెట్టమని నన్ను పిలిచింది. కింద పెడితే ఏమొచ్చిందే అన్నాను.

"ఉప్పెన వస్తే కాలువ నీళ్లు ఇక్కడిదాకా పొంగుతాయట నాన్నా. ఆఫీసు వాళ్లు మైకులో చెప్పి వెళ్లారు."

"మైకులో ఏదో ఒకటి అరుస్తూనే ఉంటారు. నేను ఐదు తుఫాన్లకి లాంచిని ఆ కాలువలోనే కట్టాను. బయట సముద్రం ఎంత ఎగిరినా లోపల జానెడు నీళ్లు కూడా పెరగలేదు. పోటు నీళ్లని కాలువ మొదట్లోనే ఆపే లాకు తలుపులు ఉన్నాయి కదా."

"లాకు తలుపులు ఇంకెక్కడివి? తుప్పు పట్టాయని తీసేసి నాలుగేళ్లయింది. నువ్వే కదా ఆ రోజు దగ్గరుండి చూసొచ్చావు."

డబ్బా నా చేతుల్లోనే ఉండిపోయింది. నిజమే, నేనే చూశాను. ఆ తలుపుల్ని క్రేనుతో ఎత్తుతుంటే గట్టు మీద నిలబడి, నా కాలం పోయిందని కూడా అనుకున్నాను. బుర్రకి తెలిసిన ఆ సంగతి చేతులకి తెలియలేదు. తలుపులు లేని కాలువలోకి ఉప్పెన దూరితే నీళ్లు ఆరడుగులు లేస్తాయి, ఎనిమిదడుగులు లేస్తాయి. తాడులో పొడవుంటే లాంచి నీటితో పాటు పైకి తేలుతుంది. అల్లుడు వదులుగా కట్టింది అందుకే. నేను బిగించిన తాళ్లతో అది లేవలేదు. కట్టిన చోటే పట్టి ఉంచితే నీళ్లే దాని మీదికి ఎక్కుతాయి. మునగడానికి ఏం కావాలో అన్నీ నా చేతులతో నేనే అమర్చి వచ్చాను.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకో గంట, గంటన్నర దాటితే కాలువ గట్టు మీదికి ఎవరినీ వెళ్లనివ్వరు. ఒక్క క్షణం, చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఒక్కణ్నే దొంగతనంగా వెళ్లి వదులు చేసి వచ్చేద్దామని కూడా అనుకున్నాను. కానీ గాలి పెరుగుతోంది. ఇటు తాడు వదిలినప్పుడు అటు తాడు కూడా వదలకపోతే లాంచి వెళ్లి గట్టుకి కొట్టుకుంటుంది. దానికి ఇద్దరు మనుషులు కావాలి. డబ్బా కింద పెట్టి స్టూలు దగ్గరికి వెళ్లాను.

"బాబూ, పొద్దున కాలువ దగ్గరికి వెళ్లాను. తాళ్లు వదులుగా ఉన్నాయని బిగించేశాను. లాకు లేదన్న సంగతి మర్చిపోయాను."

అతని నోట్లో మేకులున్నాయి. ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎన్ని తాళ్లు?"

"ఎనిమిదీ."

సుత్తి కిటికీ మీద పెట్టి, స్టూలు దిగి చెప్పులేసుకున్నాడు. నేను వెనకాలే పరిగెత్తాను. దారి పొడుగునా ఒక్క మాట లేదు. తిడితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. నాకు అలవాటైన తిట్లు నాలుగు అతని తరఫున నేనే మనసులో తిట్టుకున్నాను గానీ, ఒకళ్లు తిట్టినట్టు ఉండదు కదా.

కాలువ చేరేసరికి నీళ్లు అప్పుడే మూరెడు పెరిగాయి. లాంచి ముక్కు కిందికి వంగి ఉంది. నేను అంత ముచ్చటపడ్డ తాళ్లు పిండిన గుడ్డలా బిగుసుకుని కిర్రుమంటున్నాయి. దోనెలో వెళ్లి ఎక్కాం. అతను కుడివైపు, నేను ఎడమవైపు నిలబడ్డాం. గాలికి మాట వినిపించడం లేదు. అప్పుడు అరిచాడు మా అల్లుడు.

"మావయ్యా, నేను చెప్పినప్పుడే వదలాలి. నేను ఆపమంటే ఆపాలి. సొంత తెలివి వద్దు!"

"గారు" గాలికి కొట్టుకుపోయింది. నా ముడి నేనే విప్పలేక గోళ్లు చీల్చుకున్నాను. అంత గట్టిగా వేయమని ఎవడు చెప్పాడు నాకు? అతను వదలమంటే వదిలాను, ఆపమంటే ఆపాను. రెండు మూరలు నేను, రెండు మూరలు అతను, అలా జంట తర్వాత జంట వదులుకుంటూ పోయాం. మూడో జంట వదిలేసరికి ముక్కు పైకి లేచింది. ఎనిమిదీ అయ్యేసరికి లాంచి నీళ్ల మీద హాయిగా కదలడం మొదలుపెట్టింది. జారిపోయిన గొట్టం ముక్కల్ని మళ్లీ సరిచేసి తొడిగాడు. అప్పుడు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీకు నాకంటే ఎక్కువ తెలుసు, కాదనను. కానీ ఇప్పుడు ఈ లాంచికి సరంగుని నేను. తాడు తప్పుగా ఉందనిపిస్తే నన్ను పిలిచి తిట్టండి, పడతాను. చెప్పకుండా ముట్టుకోవద్దు. నేను ఇంట్లో తలుపులేసుకుని, అన్నీ సరిగ్గా కట్టానన్న ధీమాతో కూర్చునేవాణ్ని. ఇక్కడ ఇది మునిగిపోయేది. ఎందుకు మునిగిందో కూడా నాకు తెలిసేది కాదు. బతికినంతకాలం నా చేతకానితనమే అనుకునేవాణ్ని."

ఆ చివరి మాటకి తల కొట్టేసినట్టయింది. నిజంగా అలాగే జరిగేది. నేను నోరు విప్పేవాణ్నా? ఏమో, చెప్పలేను. "తప్పయిపోయింది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎప్పుడొచ్చిందో నాకే గుర్తులేదు. సిగ్గుతో పాటు, చెప్తే ఎవరూ నమ్మరు గానీ, హాయిగా కూడా అనిపించింది. మూడేళ్ల తర్వాత మా ఇంట్లో ఒక మనిషి నాతో మనిషిలా మాట్లాడాడు.

ఇంటికి చేరి తలుపులేసుకున్న పావుగంటకి అసలు గాలి మొదలైంది. పన్నెండు గంటలు ఊగింది. కాలువ నీళ్లు మా గుమ్మం మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి. అల్లుడు గోడకి ఆనుకుని నిద్రపోయాడు. అతను కట్టిన తాడు మీద అతనికి నమ్మకం ఉంది కాబట్టి నిద్ర పట్టింది. నేను ఒక్కొక్క తాడూ తలుచుకుంటూ కూర్చున్నాను.

తెల్లారాక నీళ్లు తీసిన దారిన ఇద్దరం వెళ్లాం. దారికి అడ్డంగా రేకులు, విరిగిన కొమ్మలు. కాలువ మలుపులో ఇసుక బల్లకట్టు ఒకటి కనిపించింది. గోడకి బిగించి కట్టారెవరో. తాళ్లు తెగలేదు, ముడులు చెక్కు చెదరలేదు, బల్లకట్టు మాత్రం ముక్కు దాకా నీళ్లలో ఉంది. అది చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. ముందుకి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. అల్లుడు నా చెయ్యి పట్టుకుని మలుపు తిప్పాడు. మా లాంచి కాలువ మధ్యలో, ఎక్కడ వదిలామో అక్కడే ఉంది. పక్కకి రంగు కొంచెం గీసుకుపోయింది, అంతే. పంపు టకటకమంటూ నీళ్లు తోడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పటికే గట్టు మీద పదిమంది చేరారు. టీకొట్టాయన నన్ను చూడగానే చెయ్యెత్తి, ముడుల సరంగు చెయ్యి పడ్డాక తుఫాను మాత్రం ఏం చేస్తుందన్నాడు. ముందు రోజు పొద్దున నేను లాంచి మీదికి వెళ్లడం అతను చూశాడట. అందరూ అవునవునన్నారు.

"నా చెయ్యి పడే మునగబోయింది," అన్నాను అందరికీ వినపడేలా. "ఈయన సరిగ్గా కట్టాడు. నేను పాడుచేశాను. మళ్లీ ఈయనే సరిచేయించాడు."

నమ్మే నాథుడు లేడు. అల్లుడికి పేరు రావాలని పెద్దాయన ఎంత పెద్ద మనసు చేసుకున్నాడో అంటూ టీకొట్టాయన కళ్లు తుడుచుకున్నాడు. నిజం చెబితే ఉన్న పేరు ఇంకా పెరిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మళ్లీ మొదలెట్టబోతే అల్లుడు నవ్వు ఆపుకుంటూ, ఏటి అవతలి ఒడ్డు నుంచి గుడ్డ ఊపుతున్నారని రేవు నుంచి కబురొచ్చిందని, జనాన్ని తీసుకురావాలని, ముందు దోనె ఎక్కమని చెప్పాడు.

అతను ఇంజిను తిప్పి చక్రం పట్టుకున్నాడు. లంగర్లు లేచాయి. నేను తాళ్ల దగ్గర నిలబడ్డాను. గాలి ఎటుందో, ఏటివాలు ఎటుందో, ఏది ముందు తీయాలో నా చేతులకి బాగా తెలుసు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఏ తాడు ముందు విప్పమంటారు?" అని అడిగాను.

అంతకు ముందు ఈ లాంచి మీద ఆ ప్రశ్న నేను ఎవరినీ అడిగి ఎరగను. అతను చెప్పాడు, నేను విప్పాను.