అడుగున ఉన్నది

కాంట్రాక్టరు పూడిక మోసే తట్టల పిన్నిని జుట్టు పట్టి నీళ్ళలోంచి బయటికి ఈడ్చాడు. జారిపోయిన తట్ట కోసం మోకాలి లోతు దిగడమే ఆమె చేసిన నేరం.

"రేపు నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసరొస్తాడు. ఈలోగా ఎవడి కాలు తడిసినా ఊరుకోను!"

పంపుగది కిటికీలోంచి చూశాను. పంపు నడిపేది నేనే. ఆ గదిలో ఒక్కణ్ణే ఉంటాను. నీళ్ళు కదలకూడదని మోటారు కూడా ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో నా ఊపిరే పరాయివాడిదిలా వినిపించింది.

ఈ చిన్న జలాశయం అడుగున నల్ల బురద, కుళ్ళిన ఆకులు పేరుకున్నాయి. కార్మికుల కాలనీ తాగేది ఈ నీళ్ళే. ఇంటికొకరు వాంతులతో మంచం పట్టారు. పూడిక సగమైనా తీయించకుండా పని పూర్తయిందంటున్నాడు కాంట్రాక్టరు. ఆఫీసరు పైపైన ముంచే సీసాలో నీళ్ళు తేటగా ఉంటే చాలు, పూడిక తీసేవాళ్ళను పంపించేస్తారు. కుళ్ళు కాలనీకి మిగులుతుంది.

సాయంత్రం కూలీలు గట్టు మీద చేరారు.

"అర్జీ పెడదాం," అన్నాడు పార మావయ్య.

"పెట్టినవన్నీ ఆ కాంట్రాక్టరు పొయ్యిలోకే పోయాయిగా!" అన్నాడు ఇంకొకడు.

"కాలు తడవకూడదన్నాడు కదరా," అంది పిన్ని. "తడుపుదాం. అందరం."

"నీకు ఈత రాదుగా పిన్నీ!"

"నడవడం వచ్చులే!"

నవ్వారు. పిన్ని నావైపు తిరిగింది. "పంపు నాయనా, నువ్వూ వస్తావా? ఆ కిటికీకే కాపలా కాస్తావా?"

గదిలోకి వెళ్ళిపోయాను.

పొద్దున ఆఫీసరు సీసా తీసి వంగబోయాడు. పిన్ని ముందు దిగింది. వెనకాలే అందరూ, భుజానికి భుజం ఆనించి, కాళ్ళు ఈడ్చుకుంటూ. నేనెప్పుడు కిటికీ వదిలానో తెలియదు. కాలివేళ్ళ మధ్య మెత్తగా బురద జారినప్పుడే తెలిసింది. కుళ్ళు వాసన గుప్పుమంది. ఆఫీసరు ముంచిన సీసా నల్లగా పైకొచ్చింది.

"కావాలనే బురద చేశారు సార్!" కాంట్రాక్టరు అరిచాడు.

"మూటగట్టి తెచ్చామా అయ్యా?" అంది పిన్ని. "ఉన్నదాన్నే లేపాం."

ఆఫీసరు సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. కాంట్రాక్టరు ఫోనులో పోలీసుల్ని పిలిచాడు.

పోలీసు వ్యానులో పిన్ని తడి భుజం నా భుజానికి తగిలింది. పక్కకు జరగబోయి ఆగాను. ఇంతమందిలోనూ నాకు ఒంటరిగానే ఉంది. కానీ జరగలేదు.

"అటు చూడు నాయనా," అంది.

జాలీలోంచి చూశాను. నీళ్ళింకా తేరుకోలేదు. గట్టు పొడుగునా చెప్పులు విడిచి, కాలనీ జనం దిగుతున్నారు.