పరిమితి దాటిన తోడికోడలు

పెద్ద కోడలు తన తోడికోడలికి మనసులో పెట్టుకున్న పేరు దొరసాని. ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే వంట. అయినా దొరసాని చెప్పుల ఖరీదు పెడితే ఇంటికి నెల పాలొస్తాయి. దొరసానిది పెద్ద కంపెనీలో కొలువు, తనది చిన్న ఫ్యాక్టరీలో జీతాల గుమస్తా పని. పదహారేళ్లుగా ఎంతమంది జీతాలు లెక్కగట్టినా ఎవరి మీదా కన్ను కుట్టలేదు, ఒక్క దొరసాని మీద తప్ప.

అలాంటి దొరసాని ఓ ఆదివారం మధ్యాహ్నం ఫైలు పట్టుకుని తన దగ్గరికే వచ్చింది. పన్ను ఆఫీసు నుంచి ఉత్తరమట. పెన్షన్‌కి కట్టే డబ్బు మీద ఏడాదికి ఇంతవరకే పన్ను మినహాయింపు, గత నాలుగేళ్లలో ఆ పరిమితి దాటిందేమో చూసుకోమని. తనకేమీ అర్థం కావడం లేదు, కాస్త చూసిపెట్టమంది.

చూడకేం, కళ్లు చించుకుని చూసింది. ఉద్యోగి వాటా ఒక గడి, కంపెనీ వాటా ఒక గడి. రెండూ కూడింది. మూడేళ్లు పరిమితి దాటిపోయాయి! నాలుగో ఏడు దాటలేదు గానీ, ఆ సంబరంలో దాన్నెవరు పట్టించుకున్నారు? పన్ను గట్టిగానే పడుతుందని భోజనాల దగ్గర అందరి ముందూ చల్లగా చెప్పింది.

తీరా చూస్తే అత్తగారు పొంగిపోయింది. మా చిన్నకోడలి సంపాదనకి ప్రభుత్వం పెట్టిన హద్దు కూడా సరిపోలేదని పక్కింటికెళ్లి మరీ చెప్పొచ్చింది. పెద్ద కోడలికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. దొరసాని మాత్రం కిమ్మనకుండా తలొంచుకుని తింది.

మర్నాడు సాయంత్రం పన్ను ఆఫీసుకి పంపాల్సిన ఫారం నింపబోతే, కాగితం అడుగున కంపెనీ వేసిన మొత్తం తన కూడిక కన్నా చాలా తక్కువుంది. అప్పుడు వెలిగింది. తన ఫ్యాక్టరీలో రెండు వాటాలూ వేరు, కూడి తీరాలి. దొరసాని కంపెనీ అలా కాదు, ఉద్యోగి వాటాని జీతంలో ముందే తగ్గించి కంపెనీ వాటాతో కలిపి కడుతుంది. అంటే ఆ డబ్బు కంపెనీ గడిలోనే ఉంది, పక్క గడిలోది ఊరికే తెలియడానికి వేసిన అంకె. తను దాన్ని రెండుసార్లు లెక్కేసింది. ఇంకెవరి కాగితమైనా మూడుసార్లు సరిచూసేది. దొరసానిది కాబట్టి పెద్ద అంకె కనపడగానే నమ్మేసింది.

ఏ ఏడాదీ పరిమితి దరిదాపులకైనా రాలేదు. నాలుగో ఏడైతే మరీ, జీతం సగానికి పడిపోయింది.

ఫైలు పట్టుకుని దొరసాని గదికెళ్లి తలుపు వేసింది.

"జీతం సగమైందేం?"

"వారానికి మూడు రోజులే రమ్మన్నారక్కా. ఏడాదైంది. మిగతా రోజులు లైబ్రరీలో కూర్చుని సాయంత్రం వస్తున్నా. మీ మరిదికి కూడా తెలీదు."

"మరి నేను పరిమితి దాటిందంటే నోరెందుకు మెదపలేదు?"

దొరసాని గోళ్లు గిల్లుకుంటూ చెప్పింది.

"నువ్వు నన్ను చూసి కుళ్లుకుంటావు కదక్కా. అది చూసినప్పుడల్లా, నేనింకా పెద్ద ఉద్యోగినే అనిపించేది."

పెద్ద కోడలు ఫైలు మూసేసింది. ఇన్నాళ్లూ తను ఏడ్చి చచ్చింది ఈ సగం జీతం చూసా!

ఆ పూట భోజనాల దగ్గర అత్తగారే అడిగింది, పన్ను ఎంత తేలిందని. ఒక్క మాట చాలు, దొరసాని పరువు గంగలో కలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కట్టక్కర్లేదత్తయ్యా. లెక్క సరిచేశాను," అంది పెద్ద కోడలు.

"సంపాదిస్తే అలా సంపాదించాలి. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?" అంది అత్తగారు.

దొరసాని చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసింది. పెద్ద కోడలు కూరగిన్నె అందుకుంది.

"అవునత్తయ్యా, తనతో నాకు పోటీ ఏమిటి," అని దొరసాని కంచంలో ఇంకాస్త కూర వేసింది.