రూతు ఉన్న చోటు

మైదా టోర్టిల్లా రొట్టెలను సగానికి కోసి, అంచులకు మైదా జిగురు పూసి, లోపల బంగాళాదుంప కూర పెట్టి సమోసాలు చుట్టడం అమెరికాలోని ఈ నేపర్‌విల్‌లో మా తెలుగు ఆడవాళ్ళం కనిపెట్టుకున్న సులువు. ఆ శనివారం హాస్పిటల్లో నైట్ డ్యూటీ ముగించి వచ్చి, బట్టలు మార్చుకుని, నేను అదే పనిలో పడ్డాను. సాయంత్రం చర్చి బేస్‌మెంట్‌లో విందు. జాంబియాలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాలకు కొత్త గదులు కట్టించడానికి మా ఆయన అబ్రహాం ఒక నిధి నడుపుతున్నారు. ఏటా ఏప్రిల్‌లో దానికోసమే ఈ విందు. మాటలు ఆయనవి, వంట నాది.

"పోయినసారి ఉప్పు తగ్గిందన్నారు. చూసుకో," అని ముందుగదిలోంచి కేకేశారు.

చూసుకుంటానన్నాను.

ఆ బడి నాకు కొత్త కాదు. పదేళ్ళ కిందట, డెబ్బైలలో, ఆయన అక్కడి సెకండరీ స్కూల్లో కాంట్రాక్టు మీద లెక్కలు చెప్పేవారు. దగ్గర్లోనే ఆ పల్లె, గడ్డికప్పు కింద ఆ చిన్న బడి. టీచర్లు చాలక ఒకటో తరగతి పిల్లలు ఆరుబయట తిరుగుతుంటే, "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నువ్వెళ్ళి చెప్పరాదూ," అన్నారు. నీళ్ళు మోయడం, బొగ్గుల కుంపటి మీద వండటం, నెలలు నిండిన కడుపుతో దుప్పట్లు ఉతకడం, వీటన్నిటికీ కలిపి ఆయన పెట్టిన పేరు ఊరికే కూర్చోవడం. అయినా వెళ్ళాను. జీతం ఎవరూ ఇస్తామనలేదు, నేనూ అడగలేదు. పిల్లలు మట్టి ఇటుకల మీద కూర్చునేవాళ్ళు. వాన పడితే కురవని మూల వెతుక్కుని అందరం అక్కడికి చేరేవాళ్ళం. నాతో పాటు ఎస్నాత్ అనే ఆ ఊరి టీచరమ్మ ఉండేది. రూతు పుట్టాక, బిడ్డను గుడ్డతో వీపుకి కట్టుకోవడం నాకు నేర్పింది ఆమే. నేను అక్షరాలు చెబుతుంటే రూతు నా వీపు మీద నిద్రపోయేది. మెడ దగ్గర దాని ఊపిరి వెచ్చగా తగిలేది.

రూతుకి ఎనిమిదో నెలలో జ్వరం వచ్చింది. మలేరియా. మాత్ర నూరి పోస్తే కక్కేసింది. వానాకాలం, ఆయన పరీక్ష పేపర్లు దిద్దడానికి కారు తీసుకుని టౌనుకు వెళ్ళారు. ఎస్నాత్, నేనూ బిడ్డను ఎత్తుకుని క్లినిక్‌కి బయల్దేరితే దారిలో వాగు పొంగి ఉంది. నీళ్ళు తీస్తాయేమోనని ఒడ్డునే నిలబడ్డాం. నీళ్ళు తీసేసరికి రూతు లేదు. బడి వెనక చిన్న మిట్ట మీద పూడ్చిపెట్టాం. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, నా చెయ్యి పట్టుకుని "పెపాని" అన్నారు. అయ్యో తల్లీ అన్నమాట. ఆయన మర్నాడు వచ్చారు.

ఆ తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు మా అత్తగారు సంతోషమ్మ, "ఆడపిల్లేగా. వయసులో ఉన్నారు, మళ్ళీ పుడతారు," అన్నారు. ఆయన తల ఊపారు. అమెరికా వచ్చాక ఆ పేరే మా ఇంట్లో వినబడలేదు. రేణు పుట్టేటప్పుడు నర్సు "ఇది మొదటి కానుపా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపు ఆయనే "యెస్" అన్నారు. నొప్పుల్లో ఉన్నాను. కాదని చెప్పే శక్తి లేకపోయింది.

అందుకే ఆయన ఈ నిధి మొదలుపెట్టినప్పుడు నాకు లోలోపల ప్రాణం లేచి వచ్చింది. ఆయన నోటితో చెప్పలేనిది ఇలా చేస్తున్నారనుకున్నాను. కూరలు తరుగుతున్నా, నూనె పొగకు కళ్ళు మండుతున్నా, నా బిడ్డ ఉన్న ఊరికి నేనేదో పంపుతున్నాననే అనుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం ఆయన కర్టెన్లు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, ఆ బడి నుంచి వచ్చిన కొత్త గదుల స్లైడ్లు వేసి చూసుకుంటున్నారు. పిండి చేతులతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. రేకుల కప్పు ఎండలో మెరుస్తోంది. నీలం తలుపులు. చేతిపంపు దగ్గర బక్కెట్లతో ఆడపిల్లలు. లోపల వరసగా బెంచీలు.

"చూశావా? ఇంక ఒక్క పిల్లాడు కూడా నేలమీద కూర్చోడు," అన్నారు.

నిజంగా సంతోషించాను. ఆ బెంచీల మీద కూర్చున్న ఒక్కొక్క మొహం చూశాను. తర్వాత గదులకు వెనకున్న కొండను ఆనవాలుగా పట్టుకుని, అక్కడినుంచి కిందికి చూపు దింపుతూ వెతికాను.

"ఏవండీ, మిట్ట ఏదీ?"

"ఏ మిట్ట?"

"రూతు మిట్ట."

ఆయన ప్రొజెక్టర్ వైపే చూస్తూ, "చదును చేశారు. బిల్డింగ్‌కి ప్లేస్ చాల్లేదు. హెడ్‌మాస్టర్ నన్ను అడిగాడు, ఓకే అన్నాను," అన్నారు.

"ఎప్పుడు?"

"పోయినేడు. నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలేదు. విమలా, బతికున్న పిల్లల గురించి ఆలోచించు. ప్రాక్టికల్‌గా ఉండు."

"పాపని తీసి వేరేచోట పెట్టారా?"

"అవన్నీ నేను అడగలేదు," అన్నారు. స్లైడు మారుస్తూ, "నూనె మాడుతున్నట్టుంది చూడు," అన్నారు.

వెళ్ళి స్టవ్ కట్టేశాను. కాసేపటికి మళ్ళీ వెలిగించి, మిగిలిన సమోసాలు వేయించాను. చేతులు వాటంతటవి చేసుకుపోయాయి. గుండెలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది: నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. ఆ పిల్లలు వానలో మూలకు నక్కడం నేను చూశాను, నా కన్నా బాగా ఎవరికి తెలుసు? ఏడ్చేదాన్ని, నిజమే. ఏడ్చి ఒప్పుకునేదాన్ని. వెళ్ళి, మట్టి నా చేతులతో తీసి, బిడ్డను ఇంకోచోట పడుకోబెట్టేదాన్ని. అది కూడా కాదంటే, పోనీ, వాళ్ళు తవ్వే రోజు ఏదో తెలుసుకుని ఇక్కడే మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండేదాన్ని. ఆ రోజు నేనేం చేస్తున్నానో? డ్యూటీలో ఎవరి పక్క దుప్పటో మారుస్తూ ఉండి ఉంటాను.

సాయంత్రం బేస్‌మెంట్ నిండిపోయింది. పాస్టర్ దైవాశీర్వాదం గారు ప్రార్థన చేశాక ఆయన లేచారు. కొత్త గదులకు తన తల్లి సంతోషమ్మ పేరు పెడుతున్నామనీ, జూన్‌లో ప్రారంభానికి తను వెళ్తున్నాననీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. "మా ఆవిడ సమోసాలు లేకపోతే ఈ స్కూలే లేదు," అన్నారు. అందరూ నవ్వారు. గోడ మీద రేకుల కప్పు మళ్ళీ మెరిసింది.

పాస్టర్ గారి భార్య ప్రేమజ్యోతి గారు ముందు వరసలోంచి, "ఎంత బాగుందో బ్రదర్! ఇదివరకు అక్కడ ఏముండేది?" అని అడిగారు.

"ఏమీ లేదు సిస్టర్. ఉత్త ఖాళీ స్థలం," అన్నారు ఆయన.

నేను రేణు ప్లేట్లో పులావు వడ్డిస్తున్నాను. గరిటె గిన్నెలో పెట్టేశాను.

"మా అమ్మాయి ఉండేది," అన్నాను.

పెద్దగా అనలేదు. అయినా అందరూ వెనక్కి తిరిగారు. రేణు నా చీర కుచ్చెళ్ళు లాగి, "మమ్మీ, నేను ఇక్కడే ఉన్నాను," అంది.

"నువ్వు కాదమ్మా. మీ అక్క. ఆ గదుల కింద మీ అక్క ఉంది."

"నైట్ డ్యూటీ చేసి వచ్చింది. బాగా టైర్డ్‌గా ఉంది," అన్నారు ఆయన, అందరి వైపూ చూసి నవ్వబోతూ. ఎవరూ నవ్వలేదు. ప్రేమజ్యోతి గారు కుర్చీల మధ్యనుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"పేరేంటి విమలా?"

"రూతు," అన్నాను. ఈ దేశంలో ఆ పేరు నేను బయటికి అనడం అదే మొదటిసారి.

ఇంటికి వస్తుంటే కారులో ఆయన, "అందరి ముందు పరువు తీశావు. నేను చేసేది మంచి పని కాదా?" అన్నారు.

"మంచి పనే. అడిగితే నేనూ ఒప్పుకునేదాన్ని."

"సరే, సారీ. ఇప్పుడు ఏం చెయ్యమంటావు?"

"ఏ గది కింద ఉంది?"

ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు.

"జూన్‌లో నేను వెళ్తున్నాను," అన్నాను. "రేణుని తీసుకుని. మీరు వస్తే రండి, రిబ్బన్ మీరే కత్తిరించుకోండి. ఎస్నాత్‌కి ఆ చోటు తెలిసే ఉంటుంది. ఆ గదిలో కాసేపు కూర్చుని వస్తాం."

"హాస్పిటల్లో లీవ్ ఇస్తారా? ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. అలవాటుగా వచ్చిన ప్రశ్నలు. వాటికి నేను జవాబు వెతకలేదు.

వెనక సీట్లోంచి రేణు ముందుకు వంగింది.

"మమ్మీ, అక్క నాకంటే పెద్దదా?"

వెనక్కి తిరిగి దాని చెయ్యి పట్టుకున్నాను.

"లేదమ్మా," అన్నాను. "చిన్న పాప. దానికింకా నడక కూడా రాదు."