స్టోర్‌లో లేని గొంతు

పక్షవాతంతో మాట పడిపోయిన అక్క కోసం అతను ఒక యాప్ తయారుచేశాడు. బొమ్మ నొక్కితే ఫోనే మాట పలుకుతుంది. అలాంటివాళ్లు మరో మూడు వందల మంది దాన్ని వాడుకున్నారు.

వాడకం తక్కువని యాప్ స్టోర్ నడిపే కంపెనీ దాన్ని తీసేసింది. అతను నాలుగుసార్లు మొరపెట్టుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అక్క ఫోన్‌లో తనే ఎక్కించగలిగాడు గానీ, బయటివాళ్లకు స్టోరొక్కటే దారి.

ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ ఫోన్ చేసింది.

"ఫోన్ పాడైతే కొత్తది కొన్నాం బాబూ. అందులో మీ యాప్ దొరకట్లేదు. మా ఆయన నాతో మాట్లాడి వారమైంది."

"స్టోర్ వాళ్లు తీసేశారమ్మా. నా చేతుల్లో లేదు."

"మీరు చేసిందే కదా?"

అంతలో పక్కగదిలో అక్క బొమ్మ నొక్కింది. "మంచినీళ్లు" అని వినిపించింది.

"అదే గొంతు," అంటూ అవతల ఆవిడ ఏడ్చేసింది.