ముడి రానివాళ్లకి తాళంచెవి లేదు

ముడుల పిన్నికి కోపమొస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. స్కౌట్ క్యాంపు గేటు ధడేల్మంటుంది, ఊరంతటికీ వినబడుతుంది. ఆ పొద్దున అది పాలవాడికోసారి, పేపరువాడికోసారి ధడేల్మంది.

కోపం మరి ఊరికే వచ్చిందా? హెడ్డాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు దిగుతున్నాడు. స్కౌట్లు లేని స్కౌట్ క్యాంపు ఊళ్లోవాళ్లకి ఏమన్నా నేర్పుతోందో లేదో కనుక్కో, లేదంటే తాళం వేసి తాళంచెవి పట్టుకొచ్చెయ్ అని పైవాళ్లు చెప్పి పంపారట.

"నేర్పుతోందో లేదో అట! వీళ్ల మొహాలు మండ!" అంది పిన్ని చీపురుతో. ఎదురుగా మనిషెవరూ లేరు మరి.

ఆ క్యాంపు పెట్టింది పిన్ని వాళ్ల నాన్న, టోపీ మాస్టారు. నిద్దట్లో కూడా టోపీ తీసేవాడు కాదంటారు గానీ అదంతా ఒట్టిది, స్నానానికి తీసేవాడు. రాళ్లగుట్ట పక్కన ఎవరికీ అక్కర్లేని జాగా అడిగి పుచ్చుకుని, డేరాలు వేయించి, మంట వెయ్యడం, దిక్కులు పోల్చడం, తాడు ముడెయ్యడం మగపిల్లలకి నేర్పాడు. ఆడపిల్లలకి ప్రవేశం లేదు. సొంత కూతురన్న దయ కూడా లేదు మహానుభావుడికి! ఈవిడేమన్నా తక్కువ తిందా? ఎదురుగా మెట్టు మీద కూచుని, ఆయన కడుతుంటే చూస్తూ తనూ ఓ నాడా ముక్కతో కట్టేసేది. ఎదురుగా కూచుని నేర్చుకుంటే ఏమవుతుంది? అద్దంలో పాపిడిలా అటుది ఇటయింది. ఆయన తాడు కుడికి తిప్పితే ఈవిడ ఎడమకి తిప్పేది. అయితేనేం, లాగితే జారదు, విప్పితే చిక్కుపడదు. "తిరగేసి కట్టావటే!" అని మాస్టారు నవ్వాడే గానీ దిద్దలేదు. పోయేముందు తాళంచెవి పెట్టింది కూడా ఆ తిరగేసిన చేతిలోనే.

తర్వాత్తర్వాత ట్యూషన్లొచ్చి స్కౌట్లని మింగేశాయి. హాలు ఖాళీగా ఉంటే గబ్బిలాలు కాపురం పెడతాయని పిన్ని ఊరికి ఇచ్చేసింది. కుట్టు క్లాసు అక్కడే, చంటిపిల్లల టీకాలు అక్కడే, పెద్దాళ్ల వ్యాయామం అక్కడే. వరదొచ్చిన ఏడు సగం ఊరు ఆ నేల మీదే పడుకుంది. అద్దె గిద్దె ఏం లేదు. ఒక్కటే షరతు, ముడి వచ్చినవాళ్లకే తాళంచెవి. ఎంతటివాడైనా సరే, పిన్ని పక్కన బెంచీ మీద కూచుని నేర్చుకుని, కట్టి చూపించాలి.

"మా అబ్బాయి పెళ్లికి హాలు కావాలన్నాను గానీ, నాకు ముడెందుకమ్మా?" అన్నాడొక పెద్దమనిషి.

"గాలికి డేరా లేస్తే మీ వియ్యంకుడొచ్చి పట్టుకుంటాడా? కట్టండి!"

కట్టాడు. ఎవడు కట్టడు?

ఇన్‌స్పెక్టరు దిగాడు. స్టేషన్ దగ్గర వ్యానువాడు ఆయన పెట్టె పైన వేసి తాడు బిగించాడు. ఆయన జీవితమంతా స్కౌట్లకి ముడులు నేర్పినవాడు. తిరగబడ్డ ముడి కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టే.

"ఇదేంటయ్యా, తిరగేసి కట్టావు? ఎవరు నేర్పారు?"

వ్యానువాడు ఆయన చొక్కా మీది స్కౌటు బ్యాడ్జీ చూశాడు. అయిపోయింది, పిన్ని తప్పు దొరికిపోయింది అనుకున్నాడు. "ఎవరూ నేర్పలేదు సార్. నాకే కాస్త తిక్క," అన్నాడు.

ఆయన్ని దింపడం ఆలస్యం, మంగలికి ఫోన్ కొట్టాడు. మంగలి దర్జీకి చెప్పాడు. దర్జీకి చెబితే ఇక దండోరా ఎందుకు?

ఇన్‌స్పెక్టరు వాకబుకి ఊళ్లోకి బయల్దేరితే, చాకలామె దణ్ణేనికీ అదే ముడి. "మా ఆయన నేర్పాడు సార్," అందామె. కాలి బూటు లేసు కూడా పెళ్లాం చేత కట్టించుకునే ఆ మొగుడు ఇస్త్రీ పెట్టె ఆపి, గంభీరంగా తలాడించాడు. దర్జీ కొట్టు పరదాకీ అదే. "కల్లో కనబడింది సార్," అన్నాడు దర్జీ. ఆసుపత్రి ఉయ్యాలకీ అదే. నర్సమ్మ ఏకంగా తాడే చూడలేదంది.

"పోనీ, ఆ క్యాంపులో ఏమన్నా నేర్పుతారా?" అని కనబడ్డవాళ్లనల్లా అడిగాడు. అందరిదీ ఒకటే జవాబు.

"అబ్బెబ్బే! పిన్ని బంగారంలాంటి మనిషి సార్. ఎవరికీ ఏమీ నేర్పదు!"

సాయంత్రం ఆయన క్యాంపు హాల్లో బెంచీ మీద కూలబడ్డాడు. "ఊరంతా తిరిగానమ్మా. ఇక్కడ ఫలానాది నేర్చుకున్నామన్నవాళ్లు ఒక్కరు లేరు. నాకూ కష్టంగానే ఉంది. తాళంచెవి ఇప్పించండి."

కిటికీ బయట నక్కిన వ్యానువాడూ, దర్జీ, చాకలి దంపతులూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. పిన్నిని గట్టెక్కించామనుకుంటే నట్టేట ముంచామా!

"ఒక్కరూ చెప్పలేదా?" అంది పిన్ని. ఆ గొంతు గేటు ధడేల్మనిపించే మనిషిది కాదు. నాన్న పోయిన రోజున కూడా తనింత ఒంటరిదాన్నని ఆవిడకి అనిపించలేదు. మేకుకున్న తాళంచెవి తీసింది. ఇవ్వబోయి ఆగింది.

"ముడి కట్టనిదే ఇది ఎవరి చేతికీ ఇవ్వలేదు. క్యాంపు పోయేరోజున మాట తప్పను. కట్టండి."

ఆయన నాడా అందుకుని రెప్పపాటులో కట్టేశాడు.

"తప్పు," అంది పిన్ని.

"తప్పా! నేను కట్టిన ముడి తప్పా?"

"అది మా నాన్న ముడి. ఈ క్యాంపుది ఇదీ." నాడా విప్పి, ఎడమకి తిప్పి కట్టి చూపించింది.

ఆయన కళ్లప్పగించి చూశాడు. పెట్టె మీద తాడు, దణ్ణెం, పరదా, ఉయ్యాల... "అమ్మా! ఇది మీరు ఎవరెవరికి నేర్పారు?"

"మీరే చెప్పారుగా, ఎవరికీ కాదట," అంది పిన్ని, కళ్లు తుడుచుకుని.

"నాకు నేర్పింది సార్!" వ్యానువాడు కిటికీలోంచి తల దూర్చేశాడు. "నాకూ!" అన్నాడు దర్జీ. "మా ఆయనకి బూటు లేసు కట్టుకోవడం కూడా చాతకాదు సార్!" అని చాకలామె అరిచింది. "నిజమే సార్," అన్నాడు మొగుడు, అంతే గంభీరంగా.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది. "మీ ప్రేమ పాడుగానూ! నా పేరు చెబితే మీ నోట్లో ముత్యాలు రాల్తాయా? కొంప ముంచారు కదర్రా!" తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం నాడాతో కుస్తీ పడుతున్నాడు. ఎడమకి తిప్పుదామంటే చెయ్యి అలవాటుకొద్దీ కుడికే పోతోంది. విప్పాడు, కట్టాడు, మళ్లీ విప్పాడు.

"రాలేదు," అంది పిన్ని.

"రాలేదు కదమ్మా." ఆయన నాడా బెంచీ మీద పెట్టి లేచాడు. "అయితే షరతు ప్రకారం తాళంచెవి నాకు ఇవ్వకూడదు. పైవాళ్లకీ అదే చెబుతాను."

అప్పట్నించీ ఏడాదికోసారి వస్తాడు. పిన్ని పక్కన కూచుని, నాడా తీసుకుని, చక్కగా ఎడమకి తిప్పుకుంటూ వస్తాడు. ఆఖరి మెలిక దగ్గర ఓరకంట ఆవిడ వైపు చూసి, కుడికి తిప్పేస్తాడు.

"తప్పు," అని పిన్ని ఆయనకి టీ పోస్తుంది.