ఒక్క పాట మినహా

జనం పెద్దాయన అని పిలిచే గాయకుడు ముసలితనంలో చేసిన ఆల్బమ్‌లన్నీ కలిపి ఒక పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, వాటి బాగోగులు తేల్చి నాలుగు పేజీలు రాయండి అని వారపత్రిక ఎడిటర్ ఫోన్ చేసినప్పుడు ఆమె ముందు ఎన్నని అడిగింది. ఒకటీ అరా అయితే ముక్కు మూసుకుని మింగొచ్చు. ఏకంగా ఆరు.

సంగీతం మీద రాసేవాళ్లలో ఆమెని పాఠకులు కత్తెర అంటారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వమే. మొహమాటానికి ఒక మంచి మాట రాసిన పాపాన ఏనాడూ పోలేదు. అయితే పెద్దాయన సంగతి వేరు. ఆమె కాలేజీ రోజుల్లో ఆయన గిటార్ మెడలో వేలాడేసుకుని పెట్టిన గావుకేకలకి ఆమె, ఆమె తమ్ముడు చిన్నోడు, ఇద్దరూ పిచ్చెత్తిపోయారు. క్యాసెట్లోంచి టేపు బయటికి వచ్చేస్తే పెన్సిల్ దూర్చి చుట్టి మళ్లీ వినేవాళ్లు. చిన్నోడైతే ఆ గొంతుని పొల్లుపోకుండా దించేసేవాడు. పక్క గదిలోంచి అమ్మ, ఆ దిక్కుమాలిన టేపు ఆపండర్రా అని కసిరితే, టేపు ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

అలాంటి మనిషి ఇలా తయారయ్యాడు. మొదటి ఆల్బమ్ నిండా పిల్లల కోరస్. భూమిని కాపాడుకుందాం అంటూ డజను పాటలు, అందులో ఒకటి కార్ల ప్రకటనకి అమ్మేశాడు. రెండోదాంట్లో మనవరాళ్ల వయసు పాటగత్తెలతో సరసం. మూడోది, తన పాత పాటలనే పియానో మీద మెల్లగా, జ్వరం వచ్చినవాడిలా మూలుగుతూ. నాలుగోదాని గురించి తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది, అందులో ఆయన ర్యాప్ చేశాడు. అన్నింటిలోనూ కంప్యూటర్ దిద్దిన గొంతు, ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసినట్టు. శ్వాస లేదు, తడబాటు లేదు. ఏడవాల్సిన చోట ఏడుస్తున్నట్టు నటన, అది కూడా చెవిలో నోరు పెట్టి. ఆరోదాంట్లో ఇక సిగ్గు కూడా వదిలేసి తన గొప్ప మీద తనే పాట కట్టుకున్నాడు. హెడ్‌ఫోన్స్ తీసేసి ఆమె చెవులు కడుక్కుంది. నిజంగానే, బాత్రూమ్‌లోకి వెళ్లి, సబ్బుతో.

ఇంత చెత్తలోనూ ఐదో ఆల్బమ్ చివర ఒక పాట ఉంది. మంగలి షాపులో తన వంతు కోసం కూర్చున్న మనిషి పాట. వచ్చేవాళ్లు వస్తున్నారు, తెలిసినవాళ్లని ముందు కూర్చోబెడుతున్నారు, ఇతను పాత పేపరు తిరగేస్తూ ఉంటాడు. అంతే కథ. కానీ ఆ గొంతు! రెండో చరణం ఎత్తుకునే ముందు శ్వాస అందక ఒక్క క్షణం ఆగుతుంది, అందిన తర్వాత కొంచెం జీరపోతుంది. పెన్సిల్‌తో టేపు చుట్టుకున్న రోజుల్లోని గొంతు. ఆమె బల్ల మీద తల వాల్చి, చాలా ఏళ్ల తర్వాత, ఒక పాట విని ఏడ్చింది.

ఆదివారం పొద్దున చిన్నోడు టిఫిన్‌కి వచ్చాడు. వాడు ఇప్పుడు పెద్దాయనకే గైడ్ పాడతాడు. అంటే, ఆయన స్టూడియోకి వచ్చేలోపు ఆయన గొంతుతోనే పాట మొత్తం పాడి పెడతాడు. ఆయన అది చెవిలో పెట్టుకుని, వింటూ పాడతాడు. తర్వాత వాడి గొంతు చెరిపేస్తారు. అట్ట మీద వాడి పేరు ఉండదు. అక్కాతమ్ముళ్లిద్దరికీ పేచీ రాకూడదని, పెద్దాయన ఊసు ఇంట్లో ఎత్తకూడదని ఎప్పుడో ఒప్పందం చేసుకున్నారు. ఆ రోజు ఆ ఒప్పందాన్ని ఆమే గట్టున పెట్టింది. ఒకే ఒక్క పాట బాగుందిరా, దీని కోసం ముసలాయన్ని క్షమించేద్దాం అనుకుంటున్నాను అంటూ వినిపించింది.

చిన్నోడు సగంలోనే ప్లేటు పక్కన పెట్టేశాడు. పాట అయిపోయాక తల వంచుకుని అన్నాడు.

“అక్కా, అది నేను.”

రికార్డింగ్ రోజు పెద్దాయనకి జలుబట. ఏదో గొణిగేసి, మిగతాది మీరు చూసుకోండని వెళ్లిపోయాడట. సౌండ్ ఇంజనీరు చూసుకున్నాడు. చిన్నోడి గైడ్‌ని పక్కన పెట్టుకుని ఆయన గొణుగుడుని దిద్దాడు. తీరా ఆఖర్న రెండు గొంతుల్లో ఒకదాన్ని ఆపబోయి ఇంకోదాన్ని ఆపేశాడు. ఆయన గొంతు పోయి వీడి గొంతు మిగిలింది. ఆయన కార్లో విని, అద్భుతంగా పాడాను కదా అని ఇంజనీరుని కౌగిలించుకున్నాడట. ఆల్బమ్ బజారులోకి వచ్చాక బస్సులో వింటుంటే చిన్నోడికి తెలిసింది. పరుగెత్తుకెళ్లి అడిగితే ఇంజనీరు రెండు చేతులూ జోడించాడు.

ఆమెకి ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. తను పాడాడో లేదో కూడా తెలియని ఆ మనిషి మీద అసహ్యం. అంతకంటే ఎక్కువ తన చెవుల మీద. లోకంలో ఎవరెక్కడ శ్రుతి తప్పినా పట్టేసే చెవులు, తోడబుట్టినవాడి గొంతుని పోల్చుకోలేకపోయాయి. ఇదంతా ఉన్నది ఉన్నట్టు రాసి ఆయన పరువు బజారుకీడుస్తానని లేచింది.

చిన్నోడు వద్దన్నాడు. రాస్తే ఇంజనీరు రోడ్డున పడతాడు, తనకి ఇక ఏ స్టూడియో తలుపూ తెరవదు. పోనీ ఆ పాట ఊసే ఎత్తనులే అంది ఆమె. దానికీ వాడు ఒప్పుకోలేదు.

“నా పాట గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదక్కా. ఆయన పేరు మీదైనా సరే. నువ్వు అనుకున్నది రాయి. నేను చదువుకుంటాను.”

వాడు అలా అడగడం ఆమెకి ఏమాత్రం నచ్చలేదు. ఎంగిలి విస్తరి ముందు చేయి చాచినట్టుంది. అయినా రాసింది. ఐదు ఆల్బమ్‌లని చీల్చి చెండాడింది, ఆరోదాని మీద పేరెత్తి ఉమ్మింది. మంగలి షాపు పాటకి మాత్రం ఒక పేజీ ఇచ్చింది. ఆ పేజీలో పెద్దాయన పేరు ఎక్కడా పెట్టలేదు, ‘ఈ గొంతు’ అని మాత్రమే రాసింది. ఎవరూ గమనించలేదు. కత్తెర కూడా మెచ్చుకుంది అని పెట్టె మీద అచ్చు వేసుకున్నారు. చిన్నోడు ఆ పేజీని ఫోన్లో ఆమెకే పైకి చదివి వినిపించాడు. సంతోషంతో వాడి మాట తడబడింది.

కొన్ని వారాలకి, ఒక మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా వచ్చాడు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని నవ్వుతూ మొదలుపెట్టాడు. పెద్దాయన పిలిపించాడట. పత్రిక ఎదురుగా పెట్టుకుని, పెద్ద స్పీకర్లలో ఆ పాట వేసి వినిపించాడట.

“విను, బాధంటే ఇలా ఉండాలి అన్నారు. ఇన్నేళ్లుగా గైడ్ పాడుతున్నావు, ఒక్కసారైనా ఇలా పాడావా అన్నారు. రోజూ ఇది విని సాధన చెయ్యమన్నారు. వచ్చే ఆల్బమ్ అంతా ఇలాగే ఉండాలట.”

ఆమె కూడా నవ్వబోయింది. వాడు అక్కడే పాడి చూపించమన్నారని, పాడానని చెప్పాడు. ఏమన్నాడు మహానుభావుడు అని అడిగింది. ఫర్వాలేదు గానీ నాలా రాలేదు అన్నారట. అప్పటినుంచీ ఇంట్లో పొద్దునా సాయంత్రం అదే వింటున్నాడట, అదే పాడుతున్నాడట.

“ఆయన అన్నది నిజమేనేమో అక్కా. నాకు అలా రావడం లేదు. ఇవాళ కొంచెం కుదిరినట్టుంది. ఒకసారి విని చెప్పవా? నీకైతే తెలుస్తుంది.”

గొంతు సవరించుకుని పాడాడు. రెండో చరణం ముందు ఆగాడు. ఎక్కడ ఆగాలో తెలిసి, సరిగ్గా అక్కడే ఆగాడు. జీర రావాల్సిన చోట జీర తెచ్చాడు. కళ్లు మూసుకుని, గుండె మీద చేయి పెట్టుకుని, ప్రతి మాటనీ బాధతో తడిపి మరీ వదిలాడు. ఆరు ఆల్బమ్‌లలో ఆమె చీదరించుకున్న ఆ ముసలి గొంతు, ఇస్త్రీతో సహా, తమ్ముడి నోట్లోంచి వచ్చింది. ఆమె పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది.

పాట అయిపోయింది. చిన్నోడు కళ్లు తెరిచి అక్క మొహంలోకి ఆశగా చూశాడు.

“బాగుందిరా” అంది.