పెద్దిరాజు గారి తోటలో బోర్డు

2006లో వారానికి రెండుసార్లు మా ఊరి నుంచి ముగ్గురం ఒకే కారులో కాకినాడకు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లం. నేను, కొబ్బరితోటల ఆసామి పెద్దిరాజు గారు, రిటైరైన సాలమోను మాస్టారు. ముగ్గురి కిడ్నీలూ సమానంగానే పాడయ్యాయి. ముందు సీటు మాత్రం పెద్దిరాజు గారిదే.

ఉన్నట్టుండి ఆయన రక్తం తగ్గిపోసాగింది. ఎంత ఎక్కించినా ఎటో పోయేది. ఇంకా తగ్గితే గుండె తట్టుకోదన్నారు డాక్టరు. మలపరీక్ష చేయిస్తే కడుపులో రక్తం తాగే కొంకిపురుగులు బయటపడ్డాయి.

తన కడుపులో పురుగులేమిటని పెద్దిరాజు గారు మండిపడ్డారు. తనకు ముందు ఆ డయాలసిస్ మిషన్ మీద పడుకునేది మాస్టారు కాబట్టి, అవి గొట్టాల్లోంచి ఈదుకుంటూ వచ్చుంటాయని తేల్చారు. అలా రావని డాక్టరు మొత్తుకున్నా వినలేదు. పురుగులు కులం చూసి రావని నాకు తెలుసు. నోరు మాత్రం పెగల్లేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పెద్దిరాజు గారి పట్టు మీద మాస్టారూ పరీక్షకిచ్చారు. ఏమీ లేదు. మళ్లీ ఇమ్మన్నారు, ఇచ్చారు. సాక్ష్యంగా నన్నూ ఇమ్మన్నారు. ఇచ్చాను. అందులోనూ ఏమీ లేదు.

తోటలో ఉత్తకాళ్లతో తిరుగుతారా అని డాక్టరు పెద్దిరాజు గారిని అడిగారు.

"నా తోట లక్ష్మీదేవండి. నేనే కాదండి, ఎవరూ చెప్పులతో అడుగెట్టరండి."

ఆ పురుగు మట్టిలోంచి అరికాలి గుండానే ఎక్కుతుందన్నారు డాక్టరు.

మాస్టారి పేటకు దగ్గరదారి ఆ తోటలోంచే. వాళ్ల నాన్నగారు బతికినన్నాళ్లూ చెప్పులు చేత్తో పట్టుకునే దాన్ని దాటారు. మాస్టారు మాత్రం ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆ దారి తొక్కలేదు. కాళ్లు వాచినా సరే, బూట్లేసుకుని కాలవగట్టు మీదుగా మైలు చుట్టు తిరిగి, తోట గేటు ముందు ఆగే కారు దగ్గరకు వచ్చేవారు.

మాత్రలతో పెద్దిరాజు గారి రక్తం నిలబడింది. నెల తిరక్కుండా తోట గేటుకు బోర్డు వేలాడింది: 'చెప్పులు లేనివారికి ప్రవేశం లేదు.' చెట్టు మీదికి కూడా చెప్పులతోనే ఎక్కాలా అని చెట్లెక్కి కాయల దింపు తీసే నూకయ్య అడిగాడు. పెద్దిరాజు గారు దానికి ఒక రోజంతా ఆలోచించారు.

తరవాతి డయాలసిస్ రోజున మాస్టారు తోటలోంచే, బూట్లతో, నెమ్మదిగా నడిచొచ్చారు. గేటు బయట ఆగి బోర్డు చదివారు.

"మా నాన్న ఉండగా రాయించాల్సిందండి."

పెద్దిరాజు గారు తన కొత్త చెప్పులకేసి చూసుకున్నారు.

"ఆయ్," అన్నారు.

ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నారు. మాస్టారు వద్దండీ అని ఎప్పటిలాగే వెనక నా పక్కన కూర్చున్నారు. పెద్దిరాజు గారూ వచ్చి మా పక్కనే ఇరుక్కున్నారు. ఆ రోజు కాకినాడ దాకా ముందు సీటు ఖాళీగానే వెళ్లింది.